బుద్ధిని కొలవబోయి భాషను కొలిచారు – ప్రజ్ఞా పరీక్షల చరిత్ర

ఉపోద్ఘాతం

బట్టను మీటరుతో కొలుస్తారు. బియ్యాన్ని కిలోల్లో తూస్తారు. జ్వరాన్ని థర్మామీటరుతో చూస్తారు. వీటిలో పొరపాటు జరిగితే తొందరగానే తెలిసిపోతుంది. బట్ట తక్కువైతే చొక్కా కత్తిరించేటప్పుడే టైలరు చెప్పేస్తాడు. కానీ ఒక పిల్లవాడి తెలివిని దేనితో కొలవాలి? భయాన్ని, శ్రద్ధను, జ్ఞాపకశక్తిని ఏ తక్కెడలో వెయ్యాలి? వాటిని కంటితో చూడలేం, చేత్తో పట్టుకోలేం. అయినా మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు నూట నలభై ఏళ్లుగా వాటిని కొలవాలని ప్రయత్నిస్తూనే ఉన్నారు.

మనిషికీ మనిషికీ మారే ఇలాంటి గుణాన్ని శాస్త్రంలో ‘చరం’ అంటారు. లెక్కల్లో ఎక్స్, వై ఉంటాయి కదా, అలాంటిదే. ఎత్తు ఒక చరం, బరువు ఒక చరం, తెలివి కూడా ఒక చరమే. ఎత్తు అంటే ఏమిటో అందరూ ఒప్పుకుంటారు. తెలివి అంటే ఏమిటో మాత్రం ఇద్దరు పండితులు కూడా ఒకే మాట చెప్పరు. కష్టమంతా అక్కడే మొదలవుతుంది. కొలిచేవాళ్లు తెలివిని కొలుస్తున్నాం అనుకుంటూ ఇంకేదో కొలిచిన సందర్భాలు చరిత్రలో చాలా ఉన్నాయి. ఆ తప్పు వల్ల లక్షల మంది మీద ముద్రలు పడ్డాయి. ఆ చరిత్రను ఈ వ్యాసంలో చెప్పాలనుకుంటున్నాను. ఇంట్లో ఒక భాష, ఊళ్లో ఇంకో భాష మాట్లాడే మనలాంటి పిల్లలకు ఈ చరిత్ర బాగా దగ్గరిది.

లండన్‌లో మూడు పెన్నీల కొలతలు

1884లో లండన్‌లో అంతర్జాతీయ ఆరోగ్య ప్రదర్శన జరిగింది. అందులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త ఒక కొలతల ప్రయోగశాల పెట్టారు. మూడు పెన్నీలు ఇచ్చి ఎవరైనా లోపలికి వెళ్లి కొలిపించుకోవచ్చు. ఎత్తు, బరువు, పిడికిలి బలం, ఊపిరి పట్టే శక్తి, కంటి చూపు, వినికిడి, ఇలా పదిహేడు రకాల కొలతలు తీసి ఒక కార్డు మీద రాసి ఇచ్చేవారు. ఆ ప్రదర్శనలో 9,337 మంది కొలతలు తీసుకున్నారు. జాతరలో బరువు చూసుకునే మిషను దగ్గర జనం గుమిగూడినట్టు అక్కడా గుమిగూడారన్నమాట.

గాల్టన్ ఆలోచన ఇది: లోకం గురించి మనకు తెలిసేదంతా కళ్లు, చెవులు, చర్మం ద్వారానే వస్తుంది. కాబట్టి ఇంద్రియాలు ఎంత చురుగ్గా ఉంటే బుద్ధి కూడా అంత చురుగ్గా ఉండాలి. వినడానికి బాగానే ఉంది. కానీ ఇది ఊహ మాత్రమే. ఎవరూ దాన్ని పరీక్షించి చూడలేదు.

ఆయన దారిలోనే అమెరికాలో జేమ్స్ మెకీన్ కాటెల్ నడిచారు. 1890లో ఆయన రాసిన వ్యాసం వల్లే ‘మానసిక పరీక్ష’ అనే మాట ప్రచారంలోకి వచ్చింది. అందులో ఆయన పది పరీక్షలు చెప్పారు. చేతి పట్టు బలం ఎంత, శబ్దం విన్నాక ఎంత త్వరగా స్పందిస్తాడు, రెండు బరువుల మధ్య చిన్న తేడాను పసిగడతాడా, 50 సెంటీమీటర్ల గీతను సరిగ్గా మధ్యకు విభజించగలడా, పది సెకన్ల కాలాన్ని సరిగ్గా అంచనా వెయ్యగలడా, ఒక్కసారి విన్న అక్షరాల్లో ఎన్ని గుర్తుంటాయి, ఇలాంటివి. కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరే విద్యార్థులకు ఈ రకం పరీక్షలు పెట్టారు.

ఈ కొలతల్లో నిర్లక్ష్యం ఏమీ లేదు. గడియారాలు మంచివి, పరికరాలు ఖచ్చితమైనవి. అయితే 1901లో కాటెల్ శిష్యుడు క్లార్క్ విస్లర్ ఒక పని చేశారు. ఈ పరీక్షల ఫలితాలను అదే విద్యార్థుల కాలేజీ మార్కులతో పోల్చి చూశారు. నిజంగా ఇవి తెలివిని కొలుస్తుంటే, పరీక్షల్లో ముందున్నవాళ్లు చదువులో కూడా కొంత ముందుండాలి. కానీ రెండింటికీ సంబంధం దాదాపు సున్నా అని తేలింది. పైగా ఆ పరీక్షల్లో ఒకదానికీ ఇంకోదానికీ కూడా పొంతన లేదు. లాటిన్ మార్కులకూ గ్రీకు మార్కులకూ మధ్య మాత్రం మంచి సంబంధం కనబడింది.

ఇక్కడ మనం నేర్చుకోవాల్సిన మొదటి పాఠం ఉంది. పరికరం ఖచ్చితంగా ఉంటే చాలదు. మనం కొలవాలనుకున్న దాన్నే అది కొలుస్తోందా అని వేరుగా రుజువు చెయ్యాలి. మా షోలాపూర్ చద్దర్లనే తీసుకోండి. చద్దరును ఎంత మంచి కాంటా మీద తూచినా, ఉతికితే రంగు పోతుందా లేదా అన్నది ఆ బరువు చెప్పదు. కాంటాలో తప్పు లేదు, అడిగిన ప్రశ్న వేరు.

బినే – ఒక మంచి ఉద్దేశం

ఆల్ఫ్రెడ్ బినే ఫ్రాన్స్ దేశస్థుడు. ఆయన కూడా మొదట్లో తలల చుట్టుకొలతలు తీశారు. పెద్ద తల ఉంటే పెద్ద తెలివి ఉంటుందని ఆ రోజుల్లో చాలామంది నమ్మేవారు. బినే బళ్లకు వెళ్లి, టీచర్లు తెలివైనవాళ్లు అన్న పిల్లల తలలు, మందకొడి అన్న పిల్లల తలలు కొలిచారు. తేడా మిల్లీమీటర్లలోనే వచ్చింది. దాంతో ఆయనకు ఒక అనుమానం వచ్చింది. ఎవరు తెలివైనవాళ్లో ముందే తెలుసు కాబట్టి, తన చెయ్యి తనకు తెలియకుండానే అటు వైపు కొంచెం మొగ్గుతోందేమో అని. కొలిచేవాడి మనసు కూడా కొలతలోకి దూరుతుందని ఆయన తన మీద తానే అనుమానపడ్డారు. నాకైతే ఈ చరిత్ర మొత్తంలో ఇదే గొప్ప విషయం అనిపించింది.

1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక సంఘాన్ని వేసింది. మామూలు బడిలో వెనకబడుతున్న పిల్లలను గుర్తించి, వాళ్లకు ప్రత్యేకంగా చదువు చెప్పడం ఎలా అన్నది దాని పని. ఆ అవసరం కోసం బినే, థియోడోర్ సిమోన్ కలిసి 1905లో ఒక పరీక్ష తయారు చేశారు. అందులో సులువు నుంచి కష్టానికి వరుసగా 30 అంశాలు ఉన్నాయి. వెలుగుతున్న అగ్గిపుల్లను కళ్లతో అనుసరించడం మొదటిది. తర్వాత బొమ్మలో వస్తువుల పేర్లు చెప్పడం, మూడు అంకెలు విని తిరిగి చెప్పడం, రెండు బరువుల్లో ఏది ఎక్కువో చెప్పడం ఇలా పోతూ, చివర్లో నైరూప్య పదాల మధ్య తేడా చెప్పడం వరకు వెళుతుంది. 1908లో ఈ ప్రశ్నలను మూడేళ్ల నుంచి పదమూడేళ్ల వరకు వయసుల వారీగా సర్దారు. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఎక్కువమంది చెయ్యగలిగే ప్రశ్నలు ఎనిమిదేళ్ల వరుసలో ఉంటాయి. అక్కడి నుంచే ‘మానసిక వయస్సు’ అనే ఆలోచన వచ్చింది.

బినే పరీక్షకూ కాటెల్ పరీక్షలకూ పెద్ద తేడా ఉంది. బినే పిడికిలి బలం చూడలేదు. అర్థం చేసుకోవడం, గుర్తు పెట్టుకోవడం, తర్కించడం లాంటివి చూశారు. అవి బడి చదువుకు నిజంగా అవసరమయ్యే పనులు. అందుకే ఈ పరీక్ష పనికొచ్చింది.

అయితే బినే కొన్ని హెచ్చరికలు కూడా చేశారు. తెలివి అనేది ఎత్తులాగా ఒకే గీత మీద కొలిచే వస్తువు కాదన్నారు. పరీక్షలో వచ్చిన ఫలితం ఆ రోజు పరిస్థితిని మాత్రమే చెబుతుందని, పుట్టుకతో వచ్చి ఇక మారనిదని అనుకోకూడదన్నారు. వెనకబడిన పిల్లల కోసం ఆయన వ్యాయామాలు కూడా తయారు చేశారు. మనం ఆడుకునే ‘స్టాచ్యూ’ ఆట లాంటిది అందులో ఒకటి. పిల్లలు ఒక్కసారిగా బొమ్మల్లా నిలబడిపోవాలి, కదలకూడదు. శ్రద్ధ పెరగడానికి అది అభ్యాసం.

ఇదే పరీక్షను బ్రస్సెల్స్‌లో డెక్రోలీ, దెగాన్ అనేవాళ్లు బాగా ఉన్నవాళ్ల పిల్లలు చదివే ఒక బడిలో పెట్టారు. పారిస్ పేద బస్తీల పిల్లలకన్నా ఆ పిల్లలు చాలా ముందున్నారు. అంటే పుట్టుకే కాక పెంపకం, ఇంటి వాతావరణం కూడా ఆ కొలతలో కలిసిపోతున్నాయని అప్పుడే తెలిసింది. 1911లో బినే చనిపోయారు. ఆ తర్వాత ఆయన హెచ్చరికలను చాలామంది పక్కన పెట్టేశారు.

ఒకే ఒక్క అంకె

1912లో జర్మనీకి చెందిన విలియం స్టెర్న్ ఒక లెక్క చెప్పారు. మానసిక వయస్సును అసలు వయస్సుతో భాగించాలి. 1916లో అమెరికాలో లూయిస్ టెర్మన్ బినే పరీక్షను మార్చి స్టాన్‌ఫర్డ్–బినే పరీక్షగా ప్రచురించినప్పుడు ఆ భాగఫలాన్ని 100తో గుణించారు. అదే మనం పుస్తకాల్లో చదివే ప్రజ్ఞా లబ్ధి. పదేళ్ల పిల్లవాడు ఎనిమిదేళ్ల వరుస ప్రశ్నల వరకే చెయ్యగలిగితే అతని ప్రజ్ఞా లబ్ధి 80.

లెక్క చాలా సులువు. ప్రమాదం కూడా అందులోనే ఉంది. ఎనభై అనే అంకె చూడగానే, ఆ పిల్లవాడి బుర్రలో ఎనభై యూనిట్ల తెలివి ఏదో నింపి ఉందని మనకు అనిపిస్తుంది. ఏ ప్రశ్నలు అడిగారు, ఏ భాషలో అడిగారు, ఆ రోజు పిల్లవాడు అన్నం తిన్నాడా లేదా, ఇవేవీ ఆ అంకెలో కనబడవు. అంకె మిగులుతుంది, కథ పోతుంది.

ఎల్లిస్ దీవిలో ఏం జరిగింది

అమెరికాకు ఓడల్లో వలస వచ్చేవాళ్లు న్యూయార్క్ దగ్గరి ఎల్లిస్ దీవిలో దిగేవారు. అక్కడ అధికారులు వాళ్లను పరీక్షించి లోపలికి పంపేవారు, లేదా వెనక్కి పంపేసేవారు. న్యూజెర్సీ రాష్ట్రంలో వైన్‌లాండ్ అనే ఊళ్లో మానసిక వికాసం తక్కువగా ఉన్న పిల్లల బడి ఒకటి ఉండేది. అక్కడ పనిచేసే హెన్రీ గొడార్డ్ 1908లోనే బినే పరీక్షను ఇంగ్లీషులోకి తెచ్చారు. 1913లో ఆయన సహాయకులు ఎల్లిస్ దీవిలో ఆ పరీక్షను వలసవచ్చిన వాళ్ల మీద పెట్టారు.

ఆ దృశ్యం ఒక్కసారి ఊహించుకోండి. రష్యా నుంచో ఇటలీ నుంచో వారాల తరబడి ఓడలో మూడో తరగతిలో వచ్చిన మనిషి. నిద్ర లేదు, భయం ఉంది. తనను వెనక్కి పంపేస్తారేమో అన్న దిగులు. ఎదురుగా తెలియని మనుషులు. మధ్యలో ఒక దుబాసీ. ఆ మనిషిని అరవై మాటలు గబగబా చెప్పమంటారు, ఈ రోజు తేదీ అడుగుతారు, ఒక బొమ్మ చూసి మళ్లీ గియ్యమంటారు. కొందరు జీవితంలో పెన్సిలు పట్టనివాళ్లు. ఒకసారి దుబాసీయే తాను ఈ దేశానికి వచ్చిన కొత్తలో అయితే ఆ పని చెయ్యలేకపోయేవాణ్ని అని చెప్పాడట. గొడార్డ్ ఆ మాటను పట్టించుకోలేదు.

1917లో గొడార్డ్ ఫలితాలు ప్రచురించారు. పరీక్షించిన యూదులు, హంగేరియన్లు, ఇటాలియన్లు, రష్యన్లలో సుమారు 80 శాతం మంది మందబుద్ధులు అని వాటిలో ఉంది! పరీక్షించినవాళ్లు అన్ని దేశాలవాళ్లూ కలిపి సుమారు 150 మంది. వాళ్లను కూడా ఏరి తీసుకున్నారు. ఒక దేశం నుంచి వచ్చిన పదిమందిలో ఎనిమిదిమంది మందబుద్ధులు అని వస్తే, మొదట కొలబద్దనే కదా అనుమానించాలి? థర్మామీటరు క్లాసులో అందరికీ 106 డిగ్రీలు చూపిస్తే, పిల్లలను ఆస్పత్రికి పంపే ముందు థర్మామీటరును విదిలించి మళ్లీ చూస్తాం.

సైన్యంలో పదిహేడు లక్షల మంది

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. సైన్యంలో చేరే వాళ్లలో ఎవరిని ఏ పనిలో పెట్టాలో తేల్చడానికి రాబర్ట్ యెర్క్స్ నాయకత్వంలో మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు రెండు పరీక్షలు తయారు చేశారు. ఇంగ్లీషు చదవగలిగే వాళ్లకు ఆల్ఫా పరీక్ష. చదవలేని వాళ్లకు, ఇంగ్లీషు రానివాళ్లకు బొమ్మలతో బీటా పరీక్ష. సుమారు పదిహేడు లక్షల మందికి ఈ పరీక్షలు పెట్టారు. అంతవరకూ ప్రపంచంలో ఇంతమందికి ఒకే రకం మానసిక పరీక్ష ఎవరూ పెట్టలేదు.

ఆల్ఫాలో ఎలాంటి ప్రశ్నలున్నాయో చూడండి. క్రిస్కో అంటే ఏమిటి: మందా, క్రిములను చంపే ద్రవమా, పళ్లపొడా, తినే పదార్థమా? క్రిస్టీ మాథ్యూసన్ ఎవరు: రచయితా, చిత్రకారుడా, బేస్‌బాల్ ఆటగాడా, హాస్యనటుడా? క్రిస్కో అమెరికాలో అమ్మే వంట కొవ్వు పేరు. మాథ్యూసన్ అక్కడి బేస్‌బాల్ ఆటగాడు. ఇవి తెలియనివాడు తెలివి తక్కువవాడా? రేపు ఎవరైనా వచ్చి ఒక అమెరికా ప్రొఫెసరును పట్టుకుని ‘కడక్ భాకరీని దేనితో చేస్తారు, బతుకమ్మను ఏ పూలతో పేరుస్తారు’ అని అడిగి, చెప్పలేకపోతే ఆయనకు పదేళ్ల బుద్ధి అని రాస్తే ఎలా ఉంటుంది?

పోనీ బీటాలో బొమ్మలే కదా అనుకుంటే, అందులోనూ ఇదే చిక్కు. బొమ్మలో ఏది లోపించిందో గీసి చూపాలి. టెన్నిస్ ఆటలో వల లేదు. గ్రామఫోనుకు గొట్టం లేదు. పల్లెటూరి నుంచి వచ్చిన రైతుకు టెన్నిస్ వల ఎక్కడ తెలుస్తుంది? పెద్ద గదిలో బోలెడంత మంది, ముందు నిలబడినవాడి సైగలే సూచనలు, సమయం చాలా తక్కువ. కొన్నిచోట్ల బీటాకు వెళ్లాల్సిన వాళ్లను కూడా ఆల్ఫాలో కూర్చోబెట్టారు. వాళ్లలో చాలామందికి సున్నాలు వచ్చాయి. సున్నా అంటే తెలివి లేదని కాదు, ప్రశ్న చేరలేదని అర్థం.

1921లో పెద్ద నివేదిక వచ్చింది. తెల్లజాతి సైనికుల సగటు మానసిక వయస్సు పదమూడేళ్లే అని అందులో రాశారు. దేశమంతా గగ్గోలు పుట్టింది. 1922లో వాల్టర్ లిప్‌మన్ అనే పత్రికా రచయిత దీన్ని గట్టిగా విమర్శించారు. పెద్దవాళ్ల సగటు తెలివి పెద్దవాళ్ల సగటుకన్నా తక్కువ అని ఎలా చెబుతారు, ఇది లెక్కకే అందదు కదా అన్నది ఆయన వాదన సారం.

ఆ లెక్కల్లోనే ఒక విషయం దాగి ఉంది. వలసవచ్చిన సైనికులు అమెరికాలో ఎన్నేళ్లుగా ఉన్నారో చూస్తే, ఎక్కువ ఏళ్లు ఉన్నవాళ్లకు ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇరవై ఏళ్లు దాటి ఉన్నవాళ్లు అక్కడే పుట్టినవాళ్లతో సమానంగా ఉన్నారు. మీరు, నేను ఈ పట్టిక చూస్తే ఏమంటాం? భాష వచ్చింది, ఊరి అలవాట్లు తెలిశాయి, అందుకే మార్కులు పెరిగాయి అంటాం. కానీ 1923లో కార్ల్ బ్రిగమ్ తన పుస్తకంలో వేరేలా రాశారు. ముందు వచ్చినవాళ్లు మంచి జాతులవాళ్లు, తర్వాత వచ్చినవాళ్లు తక్కువ జాతులవాళ్లు అన్నారు. ముందే మనసులో అనుకున్న జవాబును లెక్కల చేత చెప్పించారన్నమాట.

1924లో అమెరికా కొత్త వలస చట్టం చేసింది. 1890 జనాభా లెక్కల్లో ఒక దేశంవాళ్లు ఎంతమంది ఉన్నారో అందులో 2 శాతం మందినే ఏడాదికి రానిస్తామంది. దక్షిణ, తూర్పు యూరప్ వాళ్లు 1890 తర్వాతే ఎక్కువగా వచ్చారు కాబట్టి ఈ లెక్క వాళ్లకు తలుపు మూసినట్టే అయింది. ఆసియావాళ్లను దాదాపు పూర్తిగా ఆపేసింది. ఆ చట్టానికి పరీక్షలు ఎంతవరకు కారణం అన్నదాని మీద చరిత్రకారుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. పరీక్షలు లేకపోయినా ఆ చట్టం వచ్చేదేనని కొందరంటారు. అయితే వలసవచ్చినవాళ్లను తక్కువగా చూసేవాళ్లకు ఈ అంకెలు ఒక ఆయుధం అయ్యాయనడంలో సందేహం లేదు.

వెనక్కి తీసుకున్న మాట

1930లో బ్రిగమ్ ఒక వ్యాసం రాశారు. ఉన్న పరీక్షలతో వేర్వేరు దేశాల, జాతులవాళ్లను పోల్చడం కుదరదని, తన పాత అధ్యయనానికి ఆధారం లేదని అందులో స్పష్టంగా ఒప్పుకున్నారు. ఆ వ్యాసంలో మనకు ముఖ్యమైన ఒక విషయం ఉంది. ఏ భాషలో పరీక్ష పెడుతున్నారో ఆ భాష నేర్చుకునే అవకాశం అందరికీ సమానంగా ఉంటేనే పోలిక చెయ్యాలి అన్నారు. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలను ఆ పరీక్షతో మిగతావాళ్లతో పోల్చడం సరికాదన్నమాట.

1935లో ఆటో క్లైన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త ఇంకో రుజువు చూపించారు. దక్షిణ రాష్ట్రాల నుంచి న్యూయార్క్ వచ్చిన నల్లజాతి పిల్లలు ఆ నగరంలో ఎక్కువ ఏళ్లు చదివినకొద్దీ వాళ్ల మార్కులు పెరిగాయి. పిల్లలు మారలేదు, బడి మారింది.

కానీ మాట వెనక్కి తీసుకున్నంత తొందరగా ముద్ర వెనక్కి పోదు. ఎల్లిస్ దీవి నుంచి వెనక్కి పంపేసిన కుటుంబానికి 1930 నాటి వ్యాసం వల్ల ఒరిగేదేముంది?

మంచి కొలత అంటే ఏమిటి

ఇన్ని తప్పుల తర్వాత శాస్త్రవేత్తలు కొలత గురించి గట్టి నియమాలు ఏర్పరచుకున్నారు. మన తెలుగు పుస్తకాల్లో వాటికి మంచి పేర్లున్నాయి.

మొదటిది విశ్వసనీయత. ఒకే మనిషిని మళ్లీ కొలిస్తే దాదాపు అదే ఫలితం రావాలి. ఈ రోజు 120, వచ్చే వారం 85 వస్తే ఆ పరీక్షను నమ్మలేం. ఇద్దరు టీచర్లు ఒకే జవాబుకు వేర్వేరు మార్కులు వేసినా నమ్మలేం.

రెండోది సప్రమాణత. దేన్ని కొలుస్తున్నాం అని చెబుతున్నామో దాన్నే కొలవాలి. ఈ రెండూ ఒకటి కాదు. కూరగాయల బండి మీద ఒక తక్కెడ ఉంది. దాని ఒక పళ్లెం కింద ఎవరో యాభై గ్రాముల చింతపండు అంటించారు. అది ఎన్నిసార్లు తూచినా అదే తప్పు చూపిస్తుంది. దానికి విశ్వసనీయత ఉంది, సప్రమాణత లేదు. ఇటలీ మనిషికి ఈ రోజూ రేపూ అదే సున్నా వస్తుంది. అంతమాత్రాన ఆ సున్నా నిజం అయిపోదు.

1955లో లీ క్రోన్‌బాక్, పాల్ మీల్ అనే ఇద్దరు ఈ విషయం మీద ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. తెలివి, ఆందోళన లాంటివి నేరుగా కనబడని భావనలు. వాటి విషయంలో ఒక్క రుజువు చాలదు, అనేక వైపుల నుంచి రుజువులు కలవాలి అన్నారు. సంబంధం ఉండాల్సిన వాటితో సంబంధం కనబడాలి, ఉండకూడని వాటితో కనబడకూడదు. ఉదాహరణకు ఆందోళనను కొలిచే ప్రశ్నపత్రం పరీక్షల ముందు ఎక్కువ, సెలవుల్లో తక్కువ చూపాలి. కానీ పిల్లవాడి చేతిరాత బాగుందా లేదా అన్నదాని మీద ఆధారపడకూడదు. విస్లర్ 1901లో చేసిన పని కూడా ఈ దారిలో మొదటి అడుగే.

మూడోది ప్రమాణీకరణ. ఎవరిని పరీక్షించాలో అలాంటివాళ్ల మీదే ముందు ఆ పరీక్షను పెట్టి చూసి, సగటు ఎంతో తెలుసుకోవాలి. పారిస్ పిల్లల సగటుతో పర్లాకిమిడి పిల్లలను కొలవకూడదు.

మన దేశంలో

మన దేశానికి కూడా బినే పరీక్ష వచ్చింది. 1922లో లాహోర్‌లో హెర్బర్ట్ రైస్ హిందుస్తానీలో దాన్ని తయారు చేశారు. తర్వాత వి.వి. కామత్ మరాఠీ, కన్నడ పిల్లల కోసం బినే పరీక్షను మార్చి, 1940లో పుస్తకంగా తెచ్చారు. ఆ రోజుల్లో మా షోలాపూర్, ధార్వాడ్ రెండూ బొంబాయి ప్రావిన్సులోనే ఉండేవి. ఇలాంటి పనిలో మాటలను మాత్రమే మారిస్తే సరిపోదు. ఇక్కడి నాణేలు, ఇక్కడి బొమ్మలు, ఇక్కడి అలవాట్లు పెట్టాలి. ఒక భాషలో సులువైన మాట ఇంకో భాషలో కష్టమైన మాట కావచ్చు. అప్పుడు ప్రశ్న ఉండాల్సిన వరుస కూడా మారిపోతుంది. అందుకే ఇప్పుడు మంచి పరిశోధకులు అనువాదం చేయించాక, అసలు పత్రం చూడని ఇంకొకరి చేత తిరిగి పాత భాషలోకి చేయించి, రెండూ ఒకటేనా అని పోల్చి చూస్తారు.

1955లో సి.ఎం. భాటియా ఇంకో దారి పట్టారు. చదువు రానివాళ్లకు కూడా పనికొచ్చేలా ఐదు పరీక్షల సంపుటి తయారు చేశారు. రంగు దిమ్మెలతో నమూనాలు పేర్చడం, బొమ్మ ముక్కలు కలపడం లాంటి చేతిపనులు అందులో ఉన్నాయి. అది 11 నుంచి 16 ఏళ్ల వాళ్ల కోసం, అంటే మా వయసువాళ్ల కోసమే. అక్షరాలు రాకపోతే తెలివి లేదని అనుకోకుండా కొలవాలన్న ప్రయత్నం అది. అయినా చేతిపనిలో కూడా అలవాటు కొంత కలుస్తుంది, పజిల్ ముక్కలతో ఆడుకున్నవాడికి అది సులువు. అంటే పూర్తిగా ఏ భాషా, ఏ ఊరూ అంటని పరీక్ష చెయ్యడం చాలా కష్టం.

ఇది పాత కథ అనుకోవద్దు. మా వాడలో ఒక పిల్లాడు ఉన్నాడు. వాళ్ల అవ్వ బీడీలు చుడుతుంది, ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. నాలుగేళ్లప్పుడు ఒక చోట చేర్పించడానికి తీసుకెళ్తే బొమ్మలు చూపించి పేర్లు అడిగారు. వాడు ‘తాబేలు’ అన్నాడు, ‘నిచ్చెన’ అన్నాడు. అడిగినవాళ్లకు కావాల్సింది ‘కాసవ్’, ‘శిడీ’. కాగితం మీద వరసగా ఇంటూలు పడ్డాయి. పిల్లాడు కొంచెం స్లో అని చెప్పి పంపించారు. వాళ్ల అమ్మ ఇంటికొచ్చి ఏడ్చింది. ఇప్పుడు వాడు మూడో తరగతి, ఎక్కాలు ఇరవై వరకు గడగడా చెబుతాడు, మరాఠీ కూడా బాగా మాట్లాడతాడు. ఆ రోజు వాడికి తెలియనిది మరాఠీ మాట. కాగితం మీద రాసింది మాత్రం తెలివి గురించి.

అలాగని రాష్ట్ర భాష నేర్చుకోవద్దని నేను అనడం లేదు. మరాఠీ మాకు అన్నం పెట్టే భాష, అది రావాల్సిందే. మరాఠీ వచ్చా రాదా అని చూడాలంటే అలాగే చెప్పి పరీక్ష పెట్టొచ్చు. దానికి తెలివి పరీక్ష అని పేరు పెట్టడమే తప్పు.

పరీక్షలు వద్దా మరి?

ఇదంతా చదివాక కొందరు పరీక్షలన్నీ తీసి పారెయ్యాలి అంటారేమో. నేను అలా అనుకోను. బినే పరీక్ష రాకముందు ఎవరు వెనకబడినవాళ్లో ఒక్కొక్కరు తమకు తోచినట్టు చెప్పేవారు. టీచరుకు నచ్చని పిల్లవాడు, అల్లరి పిల్లవాడు, సరిగ్గా చెవులు వినబడని పిల్లవాడు అందరూ ఒకే గాటన పోయేవారు. మంచి కొలత ఉంటే అలాంటి అన్యాయం తగ్గుతుంది. డిస్లెక్సియా ఉన్న పిల్లలను సోమరులు అని తిట్టకుండా, సరైన పరీక్షతో గుర్తించి సాయం చేస్తున్నారు కదా. కొలత పిల్లవాడికి సాయం చెయ్యడానికా, పక్కకు నెట్టడానికా అన్నదే అసలు ప్రశ్న. బినే మొదటిదాని కోసం చేశారు, గొడార్డ్ దాన్ని రెండోదానికి వాడారు. పరీక్ష దాదాపు ఒకటే.

అందుకే ఎవరైనా ఒక అంకె చూపించి ఈ పిల్లవాడు ఇంతే అంటే తల్లిదండ్రులు, మనం కూడా మర్యాదగా నాలుగు ప్రశ్నలు అడగాలి. ఏ భాషలో అడిగారు? ఈ పరీక్షను మా లాంటి పిల్లల మీద ముందు పెట్టి చూశారా? మళ్లీ పెడితే ఇదే వస్తుందా? ఈ అంకె వల్ల పిల్లవాడికి ఏ సాయం దొరుకుతుంది? ఈ నాలుగింటికీ జవాబు చెప్పగలిగితే ఆ పరీక్షను గౌరవిద్దాం. చెప్పలేకపోతే ఇంకోసారి, పిల్లవాడికి వచ్చిన భాషలో పెట్టమని అడుగుదాం.

ముగింపు

గాల్టన్ నుంచి భాటియా వరకు డెబ్బై ఏళ్లు పట్టింది. ఈ డెబ్బై ఏళ్లలో శాస్త్రవేత్తలు నేర్చుకున్నది, మనుషులను కొలిచే ముందు తమ కొలబద్దను తాము కొలుచుకోవాలని. మన బడిలో తొమ్మిది, పది తరగతులవాళ్లు ప్రాజెక్టుల కోసం సర్వేలు చేస్తుంటారు. సెల్‌ఫోను వాడకం, పరీక్షల భయం, చదివే అలవాటు లాంటివి అడుగుతుంటారు. మనం కూడా ప్రశ్నలు రాసేటప్పుడు ఇవి గుర్తు పెట్టుకోవాలి. చిన్న తరగతుల పిల్లలను అడిగేటప్పుడు వాళ్లు ఇంట్లో మాట్లాడే తెలుగులోనే అడుగుదాం. ఒక ప్రశ్న అర్థం కాకపోతే దాన్ని సున్నా వెయ్యకుండా, మనమే ప్రశ్న మార్చి రాద్దాం. వచ్చే ఏడాది సైన్సు ఫెయిర్‌కు సర్వే చేసేవాళ్లు ముందుగా ఐదుగురు పిల్లల మీద తమ ప్రశ్నపత్రం పెట్టి చూసుకుంటే, ఆ తర్వాతే యాభైమందికి పంచితే బాగుంటుందని నా మనవి.

– పదో తరగతి విద్యార్థిని, తెలుగు మాధ్యమం, షోలాపూర్